పోచంపల్లి, పుట్టపాక ఒక్కరోజు టూర్: నేతిండ్లు, ఊరి పని చూపించాలంటే ఎట్లా పెట్టుకోవాలి?

మునుగోడు_వాసి:

అందరికీ నమస్కారం. నవంబరు చివర్లో 14 మందికి ఒక్కరోజు టూర్ పెట్టాలి. వచ్చేవాళ్లలో సగం మంది విశాఖపట్నం వాళ్లు. మిగతావాళ్లు ఒక ఏడాది గోవా, ఇంకో ఏడాది పుదుచ్చేరి అని తిరిగేవాళ్లు. సముద్రం ఒడ్డున రిసార్టు, ఈతకొలను, బఫే భోజనం వాళ్లు ఎప్పుడూ చూసేవే. ఈసారి అవి వద్దు, మీ దిక్కు మనుషులు ఏం పని చేస్తారో, ఏం తింటారో, ఎట్లా బతుకుతారో చూపించమని అడిగారు. 8, 11 ఏళ్ల పిల్లలు ఇద్దరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇద్దరు ఉన్నారు.

ఇప్పటికి అనుకున్నది ఇది: పొద్దున ఏడింటికి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో టెంపో ట్రావెలర్ ఎక్కడం. ముందు భూదాన్ పోచంపల్లి, తర్వాత భువనగిరి కోట, యాదగిరిగుట్ట దర్శనం, కొలనుపాక జైన మందిరం, చివరికి పుట్టపాక. రాత్రి ఎనిమిదికల్లా మళ్లీ ఎల్బీనగర్.

ఇది ఒక్కరోజులో కుదురుతుందా? నేతిండ్లకు 14 మందిని తీసుకుపోతే వాళ్లకు ఇబ్బంది కాకుండా ఎట్లా చూడాలి, డబ్బులు ఎవరికి, ఎట్లా ఇవ్వాలి? భోజనం హోటల్లో కాకుండా ఊళ్లోనే వండిస్తే ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? కొందరు కల్లు రుచి చూడాలంటున్నారు, అది ఎట్లా? ఫ్లోరైడ్ గురించి విని నీళ్లకు భయపడుతున్నవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

హైవే65:

అన్నా, ఈ ప్లాన్‌లో అయిదు చోట్లున్నాయి. మూడు తీసేయాలి. భువనగిరి, గుట్ట, కొలనుపాక వరంగల్ రోడ్డు దిక్కు. పుట్టపాక విజయవాడ హైవేకు దక్షిణాన, సంస్థాన్ నారాయణపురం మండలంలో. ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగితే రోజులో సగం బండిలోనే గడుస్తుంది. గుట్టలో 2022 మార్చిలో కొత్త ఆలయం తెరిచినప్పటి నుంచి శని, ఆదివారాల్లో ధర్మదర్శనం క్యూకే గంటలు పడుతున్నాయి. ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేని చోటును ఒక్కరోజు టూర్‌లో పెట్టకూడదు, మిగతా అన్నీ దాని వెనకాలే జారిపోతాయి. భువనగిరి కోట ఒకే రాతిగుట్ట మీద ఉంది, పైదాకా మెట్లు, బండ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను కింద కూర్చోబెట్టి మిగతావాళ్లు ఎక్కడం బాగుండదు. ఆ మూడింటికి ఇంకో రోజు పెట్టుకోండి.

పోచంపల్లి, పుట్టపాక రెండే ఉంచితే రోజు నిండుగా ఉంటుంది. ఏడింటికి కాదు, ఆరుంబావుకు కదలాలి. ఊరి పని మన టిఫిన్ టైము చూసి మొదలుకాదు. పడుగు (మగ్గానికెక్కే నిలువు పోగులు) సాగదీసేది, నూలుకు గంజి పట్టేది ఎండ ముదరకముందే. పదిన్నరకు దిగితే వీధిలో ఏమీ కనబడదు, షాపులే కనబడతాయి. ఆలస్యమైతే హయత్‌నగర్ దాకా సిటీ ట్రాఫిక్ కూడా తగులుతుంది.

నా లెక్కలో రోజు ఇట్లా నడవాలి. ఏడున్నరకు పోచంపల్లి, ఊళ్లోనే టిఫిను. ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా నేతిండ్లు, రంగుల చోటు. తర్వాత వినోబా మందిరం, చెరువు కట్ట అరగంట. పన్నెండుంబావుకు బయల్దేరితే చౌటుప్పల్ మీదుగా పుట్టపాకకు గంట పైనే పెట్టుకోవాలి, మధ్యలో ఒకసారి ఆగాలి. ఒకటిన్నరకు భోజనం, మూడు దాకా విశ్రాంతి. పెద్దవాళ్లకు ఆ గంట తప్పనిసరి. మూడు నుంచి నాలుగున్నర తేలియా పని, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు పని. ఆ తర్వాత గంటసేపు కల్లు చెట్ల దిక్కు. అయిదున్నరకు తిరుగు ప్రయాణం. ఏడున్నరకు ఎల్బీనగర్ అని మీరనుకోండి, వాళ్లకు మాత్రం ఎనిమిదిన్నర అని చెప్పండి.

బండి గురించి ఒక మాట. టెంపో ట్రావెలర్‌ను నేతన్నల గల్లీల్లోకి పోనివ్వకండి. వీధి పొడుగునా పడుగు సాగి ఉంటే బండి తిరగడానికి చోటుండదు, హారన్ కొడితే ఎవరో ఒకరు పని ఆపి లేవాలి. ఊరి మొదట్లోనే ఆపి నడవండి. టాయిలెట్ సంగతి కూడా ముందే చూసుకోండి. నేతిండ్లలో 14 మందికి అడగడం బాగుండదు. పోచంపల్లి టూరిజం కాంప్లెక్సులో, చౌటుప్పల్ దగ్గర హైవే హోటల్లో, భోజనం పెట్టే ఇంట్లో అని మూడు చోట్లు ఖాయం చేసుకుంటే చాలు.

తేదీ సంక్రాంతికి మాత్రం జరపకండి. ఆ వారం చౌటుప్పల్ మండలం పంతంగి టోల్ ప్లాజా దగ్గర బండ్లు బారులు తీరతాయి, తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

ఆసుపోగు:

పోచంపల్లి దిక్కు సంగతి చెప్త. ముందుగాల ఒకటి మనసుల పెట్టుకోండ్రి. చీర మొత్తం తయారయ్యేది ఒక్క ఇంట్ల కనబడది. ఆసు పోసేది (పోగును మేకుల మీద తిప్పి వరుస పెట్టేది) ఒక ఇంట్ల, చిటికి కట్టేది (రంగు ఎక్కకుంట పోగుకు కట్టు కట్టేది) ఇంకో ఇంట్ల, రంగులద్దేది వేరే చోట, నేసేది మరో ఇంట్ల ఉంటది. ఒక ఇంటికి పోయి మగ్గం టకటక చూసి ఫొటో దిగి వస్తే, అసలు కష్టం ఏడుందో మీవాళ్లకు అర్థమే కాదు. మగ్గం మీద కనబడేది ఆఖరి పని. బొమ్మ నేతల పుట్టదు. మగ్గం ఎక్కకముందే పోగు మీద ఉంటది. ఈ ఒక్క ముక్క మీ గైడు బండిలనే చెప్పాలె, ఆడికి పోయినంక చెప్తే మగ్గం సప్పుడుల ఎవరికీ వినబడది.

చూపించే వరుస తప్పొద్దు. మొదట పట్టు. పచ్చి పట్టును సబ్బు, సోడా ఏసిన నీళ్లల్ల ఉడికిస్తే మీది జిగురు పోతది, తూకం 20 నుంచి 25 శాతం దాక తగ్గుతది. జిగురు సరిగ్గ పోకుంటే రంగు ఒకతీరుగ పట్టదు, చీర మీద మచ్చలొస్తయి. తర్వాత చిలపల (నూలు చుట్టల) నుంచి పోగు తీసి కండెలు చుడతరు, దాని తర్వాత ఆసు.

ఆసు కాడ మీరు ఎక్కువసేపు ఆగాలె. అర్ధచంద్రం తీరుగ మేకులు కొట్టిన చట్రం మీద పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతరు. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు ఆడాలె. చేత్తోటి నాలుగైదు గంటల పని. ఎక్కువగ ఆడోళ్లే చేస్తరు, భుజాలు, మెడలు పోతయి. ఆలేరు మండలం శారాజీపేట చింతకింది మల్లేశం తల్లి కష్టం చూసి చేసిన లక్ష్మి ఆసు యంత్రం 1999ల పూర్తయింది, దానితోటి గంటన్నరల అయితది. ఆయనకు 2017ల పద్మశ్రీ వచ్చింది. చేత్తో పోసే ఆసు, మిషన్ ఆసు రెండూ దగ్గర దగ్గర ఇండ్లల్ల ఉంటే రెండూ చూపించుండ్రి. పిల్లలు గూడ ఈడ మంచిగ వింటరు.

ఆసు పోసినంక చిటికి. సాగదీసిన పోగు మీద గ్రాఫు చూసి గుర్తులు పెడతరు. సైకిల్ ట్యూబు సన్నగ కోసిన రబ్బరు పట్టీలతోటి గుర్తుల కాడ బిగిచ్చి కడతరు. కట్టిన కాడ రంగు ఎక్కదు. లేత రంగు నుంచి ముదురు రంగుకు పోతరు. తెలుపు ఉండాల్సిన చోటు ముందుగాల కట్టి పసుపుల ముంచుతరు, పసుపు ఉండాల్సిన చోటు కట్టి ఎరుపుల ముంచుతరు, గట్ల నలుపు దాక. కట్టు వదులైతే రంగు లోపలికి పారుతది, ఆ పువ్వు అంచు చెడుతది, దాన్ని మళ్ల బాగు చేసేది ఉండదు. గిట్ల పోగుకు కట్టి రంగేసి నేసేదే ఇక్కత్. పడుగుకు గూడ కట్టి, పేకకు (అడ్డం పోగుకు) గూడ కట్టి రెండూ కలిసేటట్టు నేస్తే డబుల్ ఇక్కత్. దాంట్ల నాడె (పేకను అటూ ఇటూ తీసుకపోయేది) ఒక్కసారి ఆడినప్పుడల్ల పేకను చేత్తోటి ఇటో అటో జరిపి బొమ్మ కలుపుకోవాలె. అందుకే నేత మెల్లగ సాగుతది. ఎందుకింత రేటు అని అడిగేటోళ్లను ఈడ పది నిమిషాలు కూసోబెట్టుండ్రి, సాలు.

ఇగ 14 మంది సంగతి. గుంట మగ్గం ఉన్న అర్రల అయిదారుగురి కంటే ఎక్కువ పట్టరు. మూడు జట్లు చేయిండ్రి. ఒక జట్టు ఆసు కాడ, ఒకటి చిటికి, రంగుల కాడ, ఒకటి మగ్గం కాడ. 35 నిమిషాలకు ఒకసారి మారాలె. జట్టుకు ఒక మాట చెప్పేటాయన ఉండాలె, అంటే మీరు గాక ఇంకా ఇద్దరు కావాలె. చెప్పులు బయట ఇడవాలె. మోకాళ్ల నొప్పులున్నోళ్లకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఆ ఇండ్లల్ల ముందే పెట్టిపిచ్చుండ్రి, నేల మీద కూసోని మగ్గం గుంటలకు వంగి చూడాలంటే వాళ్లతోటి కాదు.

పిల్లల చెయ్యి పట్టుకోండ్రి. పడుగు మీద చెయ్యేస్తే పోగు తెగుతది. తెగిన పోగు అతుకుడు పెద్ద పని గాదు, కానీ బిగువు మారితే ఆ పోగు మీది బొమ్మ పక్కదానికి కలవది. పిల్లలకు ఏదో ఒక పని ఇయ్యాలె అనుకుంటే, కండె చుట్టే రాట్నం తిప్పనియ్యమని ఇంటోళ్లను అడగండ్రి, పాత నూలు పెట్టి తిప్పిస్తరు. రంగుల డేగిసాల కాడికి మాత్రం పిల్లలను పోనియ్యొద్దు. వేడి నీళ్లు, రసాయనాలు ఉంటయి.

ఫొటోలు అడిగి తీసుకోండ్రి. గ్రాఫు కాయితం, సగం నేసిన కొత్త డిజైను ఫొటో తీసి ఇంటర్నెట్ల పెట్టొద్దు. ఆ బొమ్మ ప్రింటు చీరగ బయటకొస్తే నెలల పని మీద దెబ్బ పడతది. ఈ మాట బండిలనే అందరికీ చెప్పుండ్రి.

డబ్బుల కాడ మొహమాట పడొద్దు. చాలమంది నేతగాళ్లు నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవరుకో, సొసైటీకో కూలికి నేస్తరు. వార్పు (ఒకసారి మగ్గానికెక్కే పడుగు) లెక్కన కూలి, ఒక వార్పుల ఆరేడు చీరలుంటయి. మీతోటి మాట్లాడినంతసేపు ఆయన నేత ఆగుతది, ఆ నష్టం ఆయనదే. అందుకే ఇంటికి ఇంత అని ముందుగాలనే మాట్లాడుకోండ్రి. మూడు జట్లు వంతుల మీద వస్తే ఒక్కో ఇంటికి రెండు గంటలు పడతది, 1,000 నుంచి 1,500 రూపాయలు నాకు న్యాయం అనిపిస్తది. నేతగాళ్ల చేతికే ఇయ్యాలె, మధ్యల ఇంకెవలికో గాదు. మీరు డబ్బులు ఇయ్యకుంట, ఏదన్న కొంటరులే అని వస్తే, వాళ్లు పని చూపెట్టుడు మానేసి చీరలు చూపెట్టుడు మొదలుపెడతరు. తప్పు వాళ్లది గాదు.

మగ్గం మీదున్న చీర కొంటమని అడగొద్దు, అది మాస్టర్ వీవరుది. కొనాలంటే ఆఖరుకు ఒక్క చోట, 30 నిమిషాలు. ప్రింటుకు, ఇక్కత్‌కు తేడా చూపిచ్చుండ్రి: ఇక్కత్ రెండు దిక్కులా ఒకే తీరు రంగు ఉంటది, బొమ్మ అంచు కొంచెం పారినట్టు ఉంటది. ప్రింటుకు వెనక దిక్కు రంగు పల్చగుంటది, అంచు గీత గీసినట్టు ఉంటది. పట్టుకు సిల్క్ మార్క్, నేతకు హ్యాండ్లూమ్ మార్క్ అడగండ్రి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది.

తారీఖు ఖాయం చేసే ముందు క్యాలెండరు చూడుండ్రి. అమావాస్య నాడు చాల ఇండ్లల్ల మగ్గం దిగరు.

మునుగోడు_వాసి:

ఆసుపోగు అన్నా, హైవే65 అన్నా, ఇద్దరికీ ధన్యవాదాలు. గుట్ట, కోట, కొలనుపాక తీసేశాను. పుట్టపాకలో మళ్లీ మగ్గాలే చూపిస్తే పొద్దున చూసిందే చూసినట్టు కాదా? అక్కడ వేరేగా ఏం చూపించాలి? కొయ్యలగూడెం హైవే పక్కనే కదా, దాన్ని కలపనా?

ఆసుపోగు:

పుట్టపాకల మగ్గం చూపించొద్దు, నూనె చూపించుండ్రి. తేలియా రుమాలు పని పోచంపల్లి పట్టు పని లెక్క ఉండదు. ఇది నూలు. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిదను నీళ్లల్ల నానబెట్టి, పైన తేరిన నీళ్లు తీసుకుంటరు. ఆ కారం నీళ్లల్ల నూనె కలిపి, నూలును దాంట్ల ముంచి, చేత్తోటి పిసికి ఎండబెడతరు. మళ్ల ముంచుడు, మళ్ల పిసుకుడు, మళ్ల ఎండబెట్టుడు. గిట్ల రెండు మూడు వారాలు. అప్పుడుగాని నూలు ఎరుపు రంగును గట్టిగ పట్టుకోదు. రోజులు తగ్గించి తొందరపడితే రంగు లోపలికి దిగదు, ఉతికినప్పుడు తెలుస్తది. ఎరుపు, నలుపు, తెలుపు ఈ మూడే పాత రంగులు. ఆ నూనె వాసన గుడ్డకు ఉంటది. కొత్తోళ్లు అది పాతబడ్డదని అనుకుంటరు, వాసన ఉండుడే దాని గుణమని ముందే చెప్పుండ్రి.

ఈ పని మొదట చీరాల దిక్కుది. ఆడ తగ్గిపోయినంక పుట్టపాక నిలబెట్టింది. గజం గోవర్ధనకు 2011ల, గజం అంజయ్యకు 2013ల పద్మశ్రీలొచ్చినయి. 2020ల తేలియా రుమాలుకు జీఐ వచ్చింది. మీరు పోయే వారం నూలు ఏ దశల ఉందో ముందు ఫోన్ చేసి అడగండ్రి, ఎందుకంటే నూనె పట్టించే పని రోజూ నడవది. ఆ రోజు పని లేకుంటే బూడిద, నూనె, పచ్చి నూలు, సగం అయిన నూలు, పూర్తయిన నూలు వరుసగ పెట్టి ముట్టుకొని చూడనియ్యమని అడగండ్రి. చేత్తోటి ముట్టుకుంటేనే తేడా తెలుస్తది.

కొయ్యలగూడెం కలపొద్దు. దుప్పట్లు, నూలు డ్రెస్ మెటీరియల్ కొనేటోళ్లకు అది మంచిదే, కానీ మీకు మూడో చోట అయితది. వానాకాలం టూర్ పెట్టేటోళ్లకు ఒక మాట: గుంట మగ్గాలల్ల నీళ్లు ఊరితే నేత ఆగుతది, రంగేసిన చిలపలు ఆరవు. జూలై నుంచి సెప్టెంబరు దాక ఊరికి పోయే ముందురోజు అడిగి పోవాలె.

జొన్నకంకి:

భోజనం గురించి. హోటల్లో దొరికే పనీర్ కూర ఊళ్లో వండించకండి. వండే ఇంటివాళ్లు అతిథులకని బిర్యానీ, పనీర్ పెడతామంటారు. మీరే గట్టిగా చెప్పాలి, మేము ఇంట్లో తినేదే కావాలని.

14 మంది, డ్రైవరు, గైడ్లు కలిపి 18 మందికి లెక్కేసుకోండి. జొన్నరొట్టెలు మనిషికి ఒకటిన్నర చొప్పున 27. కిలో పిండికి 12 నుంచి 14 వస్తాయి కాబట్టి రెండుంబావు కిలోల పిండి. పిండి ఆ వారం పట్టించిందే కావాలి. నిల్వపిండి అయితే వేడినీళ్లు పోసి ఎంత పిసికినా సాగదు, తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. రొట్టెలు ముందే చేసి డబ్బాలో పెడితే గంటకే గట్టిబడతాయి. వాళ్లు కూర్చున్నాక ఒకరు తడుతూ ఇంకొకరు కాలుస్తూ ఉండాలి, పొయ్యి దగ్గర ఇద్దరు లేకపోతే వడ్డన ఆగుతుంది. తట్టడం చూడటానికి సగం మంది పొయ్యి చుట్టూ చేరతారు, చేరనివ్వండి. ఈ యాత్రలో అది కూడా చూడాల్సిన పనే.

పచ్చిపులుసుకు 100 గ్రాముల చింతపండు మూడు లీటర్లకు సరిపోతుంది. దాన్ని మరగబెట్టకూడదు. పచ్చిమిర్చి నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, వేయించిన నువ్వుల పొడి నాలుగు చెంచాలు వేసి, పోపు పెడితే అయిపోతుంది. సముద్రం దిక్కు వాళ్లకు ఇది కొత్త రుచి, వేడి అన్నంలో పోసుకుని తింటారు. కారం సగానికి తగ్గించమని చెప్పండి, ఎండుకారం పొడి పక్కన గిన్నెలో పెడితే కావలసినవాళ్లు వేసుకుంటారు.

సాయంత్రం చాయ్‌తో సర్వపిండి. కిలో బియ్యప్పిండిలో పావుకిలో పల్లీలు, గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు. తొమ్మిది పది అప్పలవుతాయి, ఒక్కొక్కటి ఇద్దరికి సరిపోతుంది. మధ్యలో, చుట్టూ వేలితో చిల్లులు పెట్టి ఆ చిల్లుల్లో నూనె పోయాలి, లేకపోతే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. సన్న మంట మీద మూత పెట్టి ఒక్కోటి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. రెండు గిన్నెలు పెట్టుకోకపోతే 18 మందికి అందేసరికి చీకటి పడుతుంది. నాటుకోడి కూర కావాలంటే ముందురోజే చెప్పాలి, కోడిని ఆ ఇంటివాళ్లే చూసుకుంటారు. అది ఉడకడానికి గంట పైనే పడుతుంది, ఫారం కోడి లెక్క వేస్తే భోజనం ఆలస్యమవుతుంది.

నీళ్ల భయం గురించి. మునుగోడు, మర్రిగూడ దిక్కు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది దాచాల్సిన సంగతి కాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది ప్రమాణం. దాన్ని దాటిన నీళ్లు ఏండ్ల తరబడి తాగితేనే పండ్లు, ఎముకలు పాడవుతాయి. ఒక్కపూట తాగితే ఎవరికీ ఫ్లోరోసిస్ రాదు. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదని కూడా చెప్పండి, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరుంది, 1970లలో నాగపూర్ నీరి సంస్థ రూపొందించింది. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ (గుర్తు స్తంభం) చౌటుప్పల్‌లోనే ఉంది, దారిలో చూపించి ఈ కథ చెప్పవచ్చు. వంగిన కాళ్లతో బతుకుతున్నవాళ్ల ఇండ్లకు మాత్రం చూడటానికని ఎవరినీ తీసుకుపోకండి. తాగడానికి 20 లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్లు రెండు బండిలో పెట్టుకోండి. అది ఫ్లోరైడ్ కోసం కాదు, కొత్త నీళ్లు కడుపుకు పడకపోవడం మామూలే కాబట్టి.

తాటివనం:

కల్లు గురించి నేను చెప్త. నవంబరు అంటే ఈత కల్లు కాలం. తాటి కల్లు చలికాలం దాటినంక ఎండాకాలం దాక జోరుగ ఉంటది, ముంజలు ఏప్రిల్, మే నెలలల్ల. వచ్చేటోళ్లు తాటి కల్లే కావాలె అంటే నవంబరుల మాట ఇయ్యకుండ్రి.

దుకాణాల కల్లు వద్దు. మత్తుమందు కలిపే కల్తీ కల్లుతోటి మనుషులు ఆసుపత్రుల పాలవుతున్నరు. చెట్టు మీదికెల్లి మీ ముందట దించిందే తాగాలె. గీత కార్మికులు పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి చెట్టెక్కుతరు. మీరు నాలుగున్నరకు పోతే మాపటి గీత కనబడతది. ముందురోజే గౌడన్నతోటి మాట్లాడి, ఎక్కే టైము కనుక్కొని ఆ టైముకే పోవాలె. ఫొటోల కోసం ఉత్తగ మళ్ల చెట్టెక్కుమని అడగొద్దు. ఎక్కుడు ప్రాణం మీది పని, మోకు (ఎక్కేటప్పుడు నడుముకు కట్టే తాడు) జారితే మనిషి పోతడు. 2024ల ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది, అది ఏసుకొని ఎక్కేటాయన ఉంటే పాత మోకుకు, దానికి తేడా అడిగి తెలుసుకోండ్రి. ఆయన చెట్టు మీదున్నప్పుడు కింద నిలబడొద్దు, లొట్టి గాని కత్తి గాని జారితే తలల మీద పడతది.

దించిన కల్లు గంట గంటకు పులుస్తది. తీపి కావాలంటే నీరా, అంటే పులవని కల్లు. పొద్దు పొడవకముందే దించాలె, కుండ లోపల సున్నం పూయాలె, లేకుంటే చల్లగ పెట్టాలె. అది మీ టైముకు కుదరది. రుచి చూసేటోళ్లకు ఒక గిలాస చాలు. అన్నం తిన్నంక తాగిపియ్యుండ్రి, ఉత్త కడుపుల వద్దు. షుగరు మందులు ఏసుకునేటోళ్లకు, పిల్లలకు అసలే వద్దు. డ్రైవరుకు చుక్క గూడ ఇయ్యొద్దు, ఎవరు బలవంతం చేసినా.

పానగల్లు:

వినోబా మందిరం దగ్గర అరగంట అన్నారు, ఆ అరగంటలో చెప్పేది సగం చెప్పి వదలకండి. చాలామంది గైడ్లు భూదానం అంటే ఒక మంచి మనిషి భూమి ఇచ్చాడని చెప్పి ముగిస్తారు. 1946 నుంచి 1951 దాకా ఉమ్మడి నల్గొండ జిల్లాలో రైతుల సాయుధ పోరాటం నడిచింది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన గాంధేయవాది వినోబా భావే అక్కడి నుంచి ఈ పల్లెల్లోకి కాలినడకన వచ్చాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, 40 తరి (నీళ్లు పారే భూమి), 40 ఖుష్కి (మెట్ట). వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినవాళ్లు ఎవరో, ఎందుకు అడగాల్సి వచ్చిందో చెప్తేనే ఇచ్చిన సంగతికి బరువుంటుంది. అక్కడి నుంచే వినోబా దేశమంతా నడవడం మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా పోచంపల్లిని ఎంచుకుంది, అది కూడా ఇక్కడే ఒక మాటలో చెప్పేయండి.

రెండో రోజు కూడా ఉండేవాళ్లుంటే నల్గొండ పక్కన పానగల్లు తీసుకురండి. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా పడుతుంది. మబ్బు పట్టిన రోజు నీడ పల్చబడుతుంది కాబట్టి ఎండ చూసి రావాలి. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయసముద్రం చెరువు. ఒక పూట చాలు.

పాలమూరు_బిడ్డ:

పాలమూరు దిక్కు కూడా ఇట్లాంటి యాత్రకు మంచి చోట్లే, కానీ హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో గద్వాల, అలంపురం పెట్టకండి, ఒక రాత్రి ఉండాలి. కాచిగూడ నుంచి కర్నూలు పోయే రైళ్లు గద్వాలలో ఆగుతాయి. గద్వాల చీరలో చూపించాల్సింది అంచు దగ్గర అతుకు: ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు. రెండు రకాల పోగులు కలిసే చోట వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. పోచంపల్లిలో రంగు పోగు మీద ఉంటుంది, ఇక్కడ పనితనం కలుపులో ఉంటుంది. ఈ రెండూ చూసినవాళ్లు చీరల షాపులో వేరే ప్రశ్నలు అడుగుతారు.

మునుగోడు_వాసి:

అందరికీ చాలా ధన్యవాదాలు. నవంబరు అమావాస్య చూసుకుని, దాన్ని తప్పించి బుధవారం ఖాయం చేస్తున్నాను. నేతిండ్లు మూడు, తేలియా ఇల్లు ఒకటి, వంట ఇల్లు ఒకటి, గౌడన్న ఒకరు. డబ్బులు అందరితో ముందే మాట్లాడుకుంటాను. జట్టుకొకరు చెప్పేవాళ్లు కావాలన్నారు కదా, పోచంపల్లిలో డిగ్రీ చదివే పిల్లలెవరైనా ఆ పూటకు వస్తారా?

ఆసుపోగు:

వస్తరు. నేత ఇండ్ల పిల్లలనే తీసుకోండ్రి, పని పేర్లు వాళ్లకు నోటికొచ్చి ఉంటయి. పూటకు 800 రూపాయలు, టిఫిను. ముందురోజు మాపటికి వాళ్లను మూడు ఇండ్లకు తిప్పి, ఏ ఇంట్ల ఏం చెప్పాలో మాట్లాడుకోండ్రి. మగ్గం మీద నేసేటాయన మాట్లాడుతుంటే వీళ్లు ఊరుకోవాలె, ఆయన పనిల పడ్డంకనే వీళ్లు చెప్పాలె.